గొళ్లెం పెట్టిన తలుపు వెనక: గృహహింస నుంచి కోలుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

సంఘం మీటింగు అయిపోతుంది. పాసుబుక్కులు సర్దుకుని అందరూ లేస్తారు. ఒకామె మాత్రం కొంగు సరిచేసుకుంటూ వెనకాల ఆగిపోతుంది. "అక్కా, ఒక్క మాట" అంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లలో ఆ ఒక్క మాటను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అలా విన్న ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. కొన్ని మగవాళ్లు అడిగినవి కూడా ఉన్నాయి. వాళ్లు ఎదురుగా అడగరు, రాత్రిపూట ఫోన్ చేసి గొంతు తగ్గించి అడుగుతారు.

మా ఆయన చెయ్యి ఎత్తడు. కానీ ఇంట్లో ఊపిరి ఆడదు. ఇదీ హింసేనా?

హింసే. 2005లో వచ్చి, 2006 అక్టోబర్ 26 నుంచి అమలవుతున్న గృహహింస చట్టం కొట్టడం ఒక్కదాన్నే హింస అనలేదు. మాటలతో, అవమానాలతో మనసు నలిపేయడం, ఇష్టం లేకుండా ఒంటి మీద చెయ్యి వేయడం, పైసల దగ్గర కట్టిపడేయడం కూడా అందులో ఉన్నాయి. మీ పేరు మీద సంఘంలో లోన్ తీయించి తాను వాడుకుని కిస్తీ మీ నెత్తిన పెట్టడం, ఉపాధి హామీ కూలి మీ ఖాతాలో పడగానే లాక్కోవడం, తల్లిగారు పెట్టిన బంగారం అడక్కుండా కుదువ పెట్టడం... ఇవన్నీ మన ఇళ్లలో చూస్తున్నవే.

అనుమానంగా ఉంటే ఒకటి గమనించండి. సాయంత్రం ఆయన బండి చప్పుడు గల్లీ మొగదల వినపడగానే మీ ఒంట్లో ఏమవుతోంది? చేస్తున్న పని ఆపేసి, పిల్లల్ని గప్‌చుప్ చేసి, ఇవాళ మూడ్ ఎట్లుందో అని ముఖం చూస్తున్నారా? రోజూ అలా బతకాల్సి వస్తే ఆ ఇంట్లో హింస ఉన్నట్టే.

కాపురమన్నాక ఇవన్నీ మామూలే, సర్దుకుపో అంటున్నారు. మా అవ్వ కూడా అదే అంటోంది.

మీ అవ్వ మీద కోపం పెట్టుకోకండి. ఆమెకూ ఎవరో అదే చెప్పారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్లలో నూటికి దాదాపు 84 మంది, ఏదో ఒక కారణానికి మొగుడు పెళ్లాన్ని కొట్టడం సరైనదే అన్నారు. ఆ అంకె చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. దెబ్బలు తినేవాళ్లే అది న్యాయమని నమ్మేలా చేశాం మనం.

ఓపికతో హింస తగ్గడం నేను చూడలేదు. కొట్టిన తర్వాత ఏడుపు, కాళ్లు పట్టుకోవడం, కొత్త చీర, నాలుగు రోజులు మంచితనం, మళ్లీ చిర్రుబుర్రులు, మళ్లీ దెబ్బలు. చాలా ఇళ్లలో ఇది ఇలాగే తిరుగుతుంది. తిరిగిన కొద్దీ మంచి రోజులు తగ్గుతాయి, దెబ్బలు పెరుగుతాయి.

గొంతు పట్టుకున్నాడు. కానీ మచ్చ కూడా పడలేదు. పెద్ద విషయమేనా?

చాలా పెద్ద విషయం. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

గొంతు నొక్కిన మగవాడు ఏదో ఒకరోజు ప్రాణం తీసే అవకాశం మిగతా వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైకి మచ్చ లేకపోయినా లోపల గాయం ఉండొచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే నొప్పి, కంట్లో ఎర్ర చుక్కలు, తల తిరగడం, ఆ కాసేపట్లో ఏం జరిగిందో గుర్తు లేకపోవడం, తెలియకుండా మూత్రం పడిపోవడం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరుకు "జారి పడ్డాను" అని చెప్పకండి. "గొంతు పిసికాడు" అనే చెప్పండి, చీటీలో అదే రాయమనండి. చట్టం ప్రకారం ఆసుపత్రి మీకు వైద్యం చేయను అనకూడదు. రేపు ఆ చీటీయే సాక్ష్యం.

కత్తి, గొడ్డలి చూపించి బెదిరించడం, కడుపుతో ఉన్నప్పుడు కొట్టడం, "నువ్వు పోతే నిన్నూ పిల్లల్నీ చంపి నేనూ చస్తా" అనడం కూడా ఇలాంటివే. ఇలాంటప్పుడు ఆలోచించుకుందాం అని ఆగొద్దు. అత్యవసరానికి పోలీసుల నంబరు 112 ఉంది. 112కి చేయండి.

బయటికి రావాలనుకుంటున్నాను. ముందు ఏం చేయాలి?

ముందుగా, "నేను వెళ్లిపోతా" అని ఆయన ముందు అనకండి. ఆడది ఇల్లు విడిచే సమయమే అన్నిటికన్నా ప్రమాదమైన సమయం. కోపంలో నోరు జారితే మీ ఏర్పాట్లన్నీ ఆయనకు తెలిసిపోతాయి.

దేవరకొండ వైపు ఒకామె ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫోన్ నంబర్లు రాసిన చీటీ, కొంచెం డబ్బు, అన్నీ ఒక ఎరువుల కవరులో చుట్టి అంగన్‌వాడీ టీచరు ఇంట్లో బియ్యం డ్రమ్ము అడుగున పెట్టింది. మూడు నెలలు అక్కడే ఉన్నాయి. బయలుదేరిన రోజు ఆమె చేతిలో ఏమీ లేదు, బడికి పోతున్నట్టు పిల్లల సంచులు తప్ప. ఎవరికీ అనుమానం రాలేదు. మీరూ అలాంటి ఒక నమ్మకమైన ఇల్లు చూసుకోండి. అది అత్తగారి వైపు చుట్టాల ఇల్లు కాకుండా ఉంటే మంచిది.

మన తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. చేతిలో రూపాయి లేని మనిషి అచ్చంపేట నుంచి గానీ మిర్యాలగూడ నుంచి గానీ జిల్లా కేంద్రం చేరగలదు. ఎవరు ఏమన్నా, నా లెక్కలో అది ఎందరికో తెరిచిన తలుపు.

జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉంటుంది, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నాయి. 181కి ఫోన్ చేస్తే వాళ్లతో కలుపుతారు, రాత్రైనా పగలైనా. అక్కడ ఐదు రోజుల వరకు ఉండొచ్చు. వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు, లాయరు అన్నిటికీ సాయం అక్కడి నుంచే దొరుకుతుంది. అంతకన్నా ఎక్కువ రోజులు నీడ కావాలంటే శక్తి సదన్ లాంటి వసతి గృహాలకు పంపుతారు.

ఫోన్ గురించి ఒక మాట. ఆయన మీ ఫోన్ చూస్తాడంటే ఆ ఫోన్ నుంచి చేయకండి. ఆశా కార్యకర్త ఫోన్, పక్కింటి ఫోన్ వాడండి.

కేసు పెడితే ఆయన జైలుకు పోతాడు. పిల్లలకు దిక్కెవరు?

ఈ భయంతోనే చాలామంది ఆగిపోతారు. రెండు దారులు ఉన్నాయని ఎవరూ చెప్పకపోవడమే దీనికి కారణం.

ఒకటి పోలీసు కేసు. భర్త, అత్తింటివాళ్లు పెట్టే వేధింపుల మీద పెట్టే ఈ కేసును ఒకప్పుడు 498ఎ అనేవాళ్లం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. నేరం రుజువైతే మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు.

రెండోది గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ దగ్గర వేసే దరఖాస్తు. ఇది వేయగానే ఎవరూ జైలుకు పోరు. కొట్టొద్దని ఆర్డర్, ఇంట్లోంచి గెంటేయొద్దని ఆర్డర్, మీకూ పిల్లలకూ నెలనెలా ఖర్చు, పిల్లలు మీ దగ్గర ఉండటం, మీ బంగారం, సామాన్లు తిరిగి ఇప్పించడం, ఇవన్నీ అడగొచ్చు. ఆ రక్షణ ఆర్డర్‌ను ఆయన తప్పితే అప్పుడు ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే జైలుకు పోవాలా వద్దా అన్నది ఆయన నడవడిక మీదే ఆధారపడి ఉంటుంది.

ఇల్లు అత్తామామల పేరు మీద ఉందని చాలామంది ఆశ వదిలేసుకుంటారు. అలా వదలకండి. మీరు కాపురం చేసిన ఇల్లు అత్తామామలదైనా అందులో ఉండే హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబర్‌లో చెప్పింది. అత్త, ఆడబిడ్డ హింసించినా వాళ్ల మీద కూడా దరఖాస్తు వేయొచ్చు.

ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా సరే. దరఖాస్తును 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది. నిజానికి నెలలు పడుతుంది. అందుకే మొదటి రోజే మధ్యంతర ఆర్డర్, అంటే చివరి తీర్పు వచ్చేదాకా పనిచేసే ఆర్డర్, కావాలని లాయరుతో అడిగించండి.

పుణెలో కూలి పనికి పోయిన చోట కొట్టాడు. ఇప్పుడు కోస్గిలో తల్లిగారింట్లో ఉన్నాను. కేసు అక్కడికి పోయి వేయాలా?

అవసరం లేదు. పాలమూరు వలస కుటుంబాలకు ఈ విషయం తప్పకుండా తెలియాలి. మీరు ఇప్పుడు తాత్కాలికంగా ఎక్కడ ఉంటే అక్కడి కోర్టులోనే గృహహింస దరఖాస్తు వేయొచ్చు. ఆ ఆర్డర్ దేశమంతా చెల్లుతుంది. వేధింపుల పోలీసు కేసు కూడా తల్లిగారింటి దగ్గరి స్టేషన్‌లో పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. "మా పరిధి కాదు" అని పంపిస్తే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడగండి, అంటే ఫిర్యాదు ఇక్కడే రాసుకుని సంబంధిత స్టేషన్‌కు పంపడం.

పెద్దమనుషులు పంచాయితీ పెట్టి కాగితం రాయించారు. ఇక కొట్టడు కదా?

చెప్పలేను. నేను చూసిన కాగితాల్లో ఎక్కువ శాతం "ఇకనుంచి ఇద్దరూ సఖ్యతగా ఉండగలరు" అని ఉంటుంది. ఇద్దరూ అని ఎందుకు రాశారు? కొట్టింది ఒక్కడే కదా. ఆ ఒక్క మాటతో తప్పు సగం ఆమె నెత్తికి వెళ్లిపోతుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. ఆయన పక్కనే కూర్చుని ఉంటే ఆమె నిజం చెప్పలేదు. చెప్తే ఇంటికి పోయాక దానికీ దెబ్బలు పడతాయి. అందుకే హింస ఆగకముందు మొగుడూపెళ్లాలను పక్కపక్కన కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. విడివిడిగా మాట్లాడమని మీరు అడగొచ్చు. పంచాయితీ జరిగినా కోర్టుకు పోయే హక్కు ఎక్కడికీ పోదు.

బయటికి వచ్చి ఏడాదైంది. ఇంకా నిద్ర పట్టదు. నాకు పిచ్చి పడుతోందా?

లేదమ్మా. ఏళ్ల తరబడి ప్రమాదంలో బతికిన ఒళ్లు, ప్రమాదం పోయిందని అంత తొందరగా నమ్మదు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడటం, అదే రంగు చొక్కా కనిపిస్తే చెమటలు పట్టడం, చిన్న విషయానికి ఏడుపు, ఒక్కోసారి ఏ భావమూ లేకుండా బండరాయిలా ఉండిపోవడం, ఇవి గాయం మానుతున్నప్పటి లక్షణాలు. నల్లగొండలో టైలరింగ్ చేసుకుంటున్న ఒకామె, వచ్చిన కొత్తలో రాత్రిళ్లు లేచి లేచి తలుపు గడియ వేసి ఉందా అని చూసుకునేది. ఆరు నెలలకు రెండుసార్లు లేచేది. తర్వాత ఒకరోజు నాతో, "అక్కా, రాత్రి వాన పడిందంట, నాకు తెల్వనే తెల్వదు" అంది. అంత మామూలు మాటకు ఇద్దరం ఏడ్చాం.

రోజూ ఒకే వేళకు తినడం, పడుకోవడం, చేతికి పని ఉండటం, నమ్మకమైన ఒక్కరితో జరిగింది జరిగినట్టు చెప్పుకోవడం, వీటితో చాలా వరకు తేలికవుతుంది. అయినా నిద్ర రాకపోయినా, చనిపోవాలనిపించినా 14416కి చేయండి. టెలి మానస్ అంటారు, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. జ్వరానికి గోలీ వేసుకున్నట్టే ఇదీ, సిగ్గుపడే పని లేదు.

అంత కొట్టినా ఆయనే గుర్తొస్తున్నాడు. నాది తప్పా?

తప్పు కాదు. కొట్టిన మనిషే జ్వరమొస్తే పక్కన కూర్చున్న మనిషి కూడా. మీరు దెబ్బలను తలుచుకోవడం లేదు, ఆ మంచి రోజులను తలుచుకుంటున్నారు. గుర్తు రావడం వేరు, తిరిగి వెళ్లడం వేరు. ఒకసారి తిరిగి వెళ్లి మళ్లీ బయటికి వచ్చినవాళ్లను కూడా తిట్టొద్దని చుట్టాలందరికీ నా మనవి. "మళ్లీ ఎందుకు పోయినవ్" అని తలుపు మూస్తే, తర్వాతిసారి ఆమె ఎవరి తలుపూ కొట్టదు.

పిల్లలు చూశారు. వాళ్లకు ఏం చెప్పాలి?

నిజం, వాళ్ల వయసుకు అర్థమయ్యేలా. "నాన్న కొట్టడం తప్పు. అది నీ వల్ల జరగలేదు. అమ్మను కాపాడటం నీ పని కాదు." ఈ మూడూ చాలు. చిన్నపిల్లలు తాము అల్లరి చేసినందుకే గొడవ జరిగిందని అనుకుంటారు. పక్క తడపడం, బడిలో మాట్లాడకపోవడం, తమ్ముణ్ని నాన్నలాగే కొట్టడం కనిపిస్తే తిట్టకండి, దగ్గరికి తీసుకోండి. పిల్లల మీద కూడా చెయ్యి పడుతుంటే పిల్లల సాయం నంబరు 1098కి చేయండి.

తాగినప్పుడే కొడతాడు. తాగుడు మానితే సరిపోతుందా?

కొంత తగ్గొచ్చు. కానీ బెల్టు షాపు దగ్గర తాగి, దారిలో సర్పంచ్ ఎదురైతే నమస్తే పెట్టి, ఇంటికొచ్చి పెళ్లాన్ని కొట్టే మనిషికి ఎవరిని కొట్టొచ్చో మత్తులో కూడా బాగా తెలుసు. తాగుడుకు వైద్యం చేయించాలి, చేత్తో చేసిన పనికి జవాబుదారీ కూడా ఉండాలి. ఇవి రెండు పనులు.

ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఒక్కసారిగా మాన్పిస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు, ఎవరూ లేని చోట మనుషులు కనిపించినట్టు మాట్లాడొచ్చు. మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లకూ ఇలాగే అవుతుంది, పాలమూరులో ఇది తెలియని ఊరు లేదు. దయ్యం పట్టిందని తిప్పకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మత్తు మాన్పించే సలహాకు 14446.

నేను మొగవాణ్ని. నా భార్యను కొట్టాను. మారాలని ఉంది. మారగలనా?

మారొచ్చు. అడిగారు కాబట్టి కఠినంగానే చెప్తాను.

ఇలా ఫోన్ చేసిన ఒకాయనను, ఆ రోజు జరిగింది నోటు పుస్తకంలో రాయమన్నాను. మొదట రాసింది ఇది: "అన్నం లేటుగా పెట్టింది, ఎదురు మాట్లాడింది, కోపంలో చెయ్యి జారింది." చెయ్యి ఎలా జారుతుంది అని అడిగాను. మీరేం చేశారో అంతే రాయండి, ఆమె గురించి ఒక్క ముక్క రాయొద్దు అన్నాను. వారం పట్టింది ఆయనకు. రెండోసారి ఇలా రాశాడు: "నేను లేచాను. తలుపు గొళ్లెం పెట్టాను. టీవీ సౌండ్ పెంచాను. కొట్టాను." రాసింది నాకు చదివి వినిపిస్తూ, గొళ్లెం దగ్గర ఆగిపోయాడు. ఒళ్లు తెలియని కోపంలో ఉన్నవాడు గొళ్లెం ఎందుకు పెడతాడు? పక్కింటివాళ్లు వినకూడదని సౌండ్ ఎందుకు పెంచుతాడు? తాను ఆలోచించే చేశానని ఆయనకు ఆ రోజు అర్థమైంది. ఆయన మార్పు అక్కడ మొదలైంది. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఇవాళ్టి నుంచి చేయగలిగింది ఒకటుంది. ఒంట్లో వేడి ఎక్కుతున్నట్టు, పళ్లు బిగుస్తున్నట్టు అనిపించగానే "నేను అరగంట బయటికి పోయి వస్తా" అని చెప్పి నడవండి. చెరువు కట్ట మీదికి పోండి, బెల్టు షాపుకు కాదు. చెప్పిన టైముకు రండి, వచ్చాక అదే గొడవ మళ్లీ ఎత్తకండి. ఒళ్లు చల్లబడటానికి కనీసం ఆ మాత్రం సమయం కావాలి. అయితే ఇది చెయ్యి ఆపడానికి మాత్రమే. ఆమె ఎక్కడికి పోవాలో, ఎవరితో మాట్లాడాలో, ఏం కట్టుకోవాలో నేనే చెప్పాలన్న పట్టుదల ఉంది చూడండి, అది పోకపోతే కొట్టకపోయినా ఆమె జైల్లో ఉన్నట్టే.

1981లో అమెరికాలోని డలూత్ అనే పట్టణంలో కొట్టే మగవాళ్లతో నెలల తరబడి గ్రూపులుగా కూర్చునే పద్ధతి మొదలైంది. వాళ్లు పట్టుకున్న మూలం కూడా ఇదే: కోపాన్ని మించి, పెత్తనం. అలాంటి గ్రూపులకు పోయినవాళ్లందరూ మారలేదు. సాకులు వదిలి చివరిదాకా నిలబడ్డ కొందరు మారారు. మీరు 14416తో గానీ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులతో గానీ మొదలుపెట్టండి, ఒంటరిగా వెళ్లండి, భార్యను వెంట తీసుకెళ్లకండి.

మీ నాన్న మీ అమ్మను కొడుతుంటే మంచం కింద దాక్కున్న పిల్లవాడు మీలో ఉండొచ్చు. వాడి మీద నాకు జాలి ఉంది. ఇప్పుడు మీ ఇంట్లో మంచం కింద ఎవరున్నారో వంగి చూడండి.

ఆమె క్షమిస్తేనే మారతాను అనకండి. ఆమె తిరిగి రాకపోవచ్చు. అయినా పిల్లల ఖర్చు పంపాలి, కోర్టు చెప్పింది పాటించాలి, చుట్టాల్లో ఆమె గురించి చెడుగా చెప్పడం ఆపాలి.

ఆయన మారాడని నాకెలా తెలుస్తుంది?

కన్నీళ్లను బట్టి, గుడిలో ప్రమాణాన్ని బట్టి, అయ్యప్ప మాలను బట్టి చూడకండి. మాల 41 రోజులకు తీస్తారు. మీరు "వద్దు" అన్నప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. పైసలు ఎక్కడ ఖర్చు పెట్టావని అడిగితే ముఖం ఎలా పెడుతున్నాడు? మీ చెల్లెలితో గంట మాట్లాడితే ఊరుకుంటున్నాడా? "నేను కొట్టాను" అని నలుగురిలో సాకు లేకుండా చెప్పగలుగుతున్నాడా? నెలల తరబడి చూడండి. "ఇంత మారాను కదా, ఇంకా రావేంటి" అని కోప్పడితే ఇంకా మారలేదన్నమాటే. మీకు భయం వేస్తోందంటే మీ భయాన్నే నమ్మండి.

రాకపోతే పురుగుల మందు తాగుతా అంటున్నాడు.

మన పల్లెల్లో ఇది ఉత్త బెదిరింపు అని కొట్టిపారేయలేం. నిజమే అనుకుని వెంటనే ఆయన అన్నకో, తమ్ముడికో, దోస్తులకో చెప్పండి. ఇంట్లో, బావి దగ్గర ఉన్న మందు డబ్బాలు తీయించి దూరంగా పెట్టించమనండి. మందు తాగితే 108, తాగుతానంటుంటే 112 లేదా 14416. ఇంతవరకే మీ బాధ్యత. ఆయన ప్రాణం కాపాడటానికి మీరు దెబ్బలు తినడానికి వెనక్కి వెళ్లనవసరం లేదు. ఆ అవసరం వైద్యులతో తీరుతుంది.

మగవాళ్ల మీద హింస జరగదా?

జరుగుతుంది. 2005 చట్టం ఆడవాళ్లకే వర్తిస్తుంది. కానీ దెబ్బ తిన్న మగవాళ్లు మామూలు పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు, విడాకులు అడగొచ్చు, 14416కి మాట్లాడొచ్చు. కొడుకూ కోడలూ హింసించే ముసలివాళ్లకు తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉన్నాయి.

పక్కింట్లో రోజూ అరుపులు. మనకెందుకు అనిపిస్తుంది, ఊరుకోనూ లేను.

ఊరుకోకండి. గృహహింస చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణ అధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదని చట్టమే చెప్తోంది. 181కి, ప్రాణం మీదికి వస్తే 112కి చేయండి.

ఆ క్షణంలో అయితే, ఇద్దరు ముగ్గురు కలిసి గిన్నె పట్టుకుని పోయి తలుపు కొట్టండి. "చక్కెర ఉందా వదినా" అని అడగండి. గొళ్లెం తీయాల్సి వస్తే చాలాసార్లు చెయ్యి ఆగిపోతుంది. ఆయనకు బుద్ధి చెప్పడం మొదలుపెట్టకండి, ఆ కోపం రాత్రికి ఆమె మీదే తీరుతుంది. మర్నాడు ఆయన పొలానికి పోయాక, బోరింగు దగ్గర ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మెల్లగా చెప్పండి: "రాత్రి విన్నాను. నీ తప్పేం లేదు. ఎంత రాత్రైనా మా తలుపు కొట్టు." మీ ఇంట్లో అందరికీ కూడా ఆ మాట ముందే చెప్పి ఉంచండి. ఆమె వచ్చి తలుపు కొట్టిన రాత్రి మీరు ఊళ్లో లేకపోయినా తలుపు తీసేవాళ్లు ఉండాలి.